సెకండ్‌హ్యాండ్ హుషారు

పాత చీర, పాత నగ, పాత చుట్టరికం – ఈ మూడింటినీ బేరీజు వేయడంలో మన ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. జరీ అసలుదా కాదా అన్నది అంచు తిరగేసి చూసి చెప్పేస్తాం. కాసులపేరులో తర్వాత అతికించిన కాసు ఏదో వేలితో తడిమి పట్టేస్తాం. కానీ ఇంట్లోకి పాతకారు కొనే సమయం వచ్చేసరికి మాత్రం మనల్ని వరండాలో నిలబెట్టి, కాఫీలు పెట్టమంటారు. బానెట్ చుట్టూ మగవాళ్ళు గుమిగూడతారు. అందులో ఇద్దరికి కారు సంగతి తెలుసు, నలుగురికి తెలిసినట్టుండటం తెలుసు. అందులోనూ అది కాస్త హుషారైన కారు, అంటే కాలు మోపీ మోపగానే ఉరికే రకమైతే, ఇక ఆ పక్కకు మనం పోనే కూడదు.

ఇదేం న్యాయమండీ? అసలు కారు చరిత్రలో మొదటి దూరప్రయాణం చేసింది ఒక ఇల్లాలు. అదీ ఎక్కడికనుకున్నారు? పుట్టింటికి! జర్మనీలో కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో తన మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని చూసి ముచ్చటపడ్డవాళ్ళే గాని కొన్నవాళ్ళు లేరు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌సైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి ఆ బండిలో బయల్దేరింది. సుమారు నూరు కిలోమీటర్లు. పెట్రోలు బంకులు లేని రోజులు కనుక దారిలో మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. బ్రేకుల చెక్క అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు తొడిగించింది. ఆ వ్యాపారంలో మొదట్లో పెట్టిన డబ్బులో ఆమె కట్నం సొమ్ము కూడా ఉందన్న సంగతి చెబితే, మిగిలింది మీరే ఊహించుకుంటారు. మరో మాట – ఆమె నడిపింది షోరూము నుంచి వచ్చిన కొత్త కారు కాదు, మొగుడు ప్రయోగాలకు వాడిన బండి. పాతకారును ఇంటిపనికి వాడుకున్న మొదటి మనిషి ఆమేనంటే తప్పులేదు.

ఇక ఈ 'స్పోర్టీ' అనే మాట సంగతి. చాలామంది దీన్ని పందెపు కారు అనుకుంటారు. కాదు. పందెపు గుర్రం వేరు, జట్కాకు కట్టినా చెవులు నిక్కించి నడిచే గుర్రం వేరు. స్పోర్టీ కారు ఆ రెండో రకం. బరువు తక్కువ, నేలకు దగ్గరగా ఉండే ఒళ్ళు, తిప్పిన వెంటనే తిరిగే స్టీరింగు, అడగ్గానే పలికే ఇంజను – ఇవుంటే చాలు. గంటకు ఎన్ని మైళ్ళన్నది ఆ తర్వాతి మాట.

ఇంగ్లండులో ఇలాంటి కార్లు పుట్టిన తీరు తమాషాగా ఉంటుంది. ఆక్స్‌ఫర్డులో మోరిస్ గరాజెస్ అనే దుకాణం ఉండేది. 1920లలో దాని మేనేజరు సెసిల్ కింబర్, గుమాస్తాలూ డాక్టర్లూ తిరిగే మామూలు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును తీసుకుని, దానికి తేలికైన అందమైన ఒళ్ళు తొడిగించి అమ్మడం మొదలుపెట్టాడు. ఆ దుకాణం పేరులోని పొడి అక్షరాలే ఎం.జి. లోకమంతా మోజుపడ్డ స్పోర్ట్స్ కారు వెనక ఉన్నది సంసారపక్షపు మోరిసే! అదే మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశంలో తర్వాతి తరం కారును తీసుకుని 1950ల చివర్లో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసింది మన అంబాసిడరు. అంటే ఎం.జి., అంబాసిడరు దూరపు దాయాదులన్నమాట. ఒకరు నాట్యం నేర్చుకుంటే ఒకరు వంటింటి పెత్తనం తీసుకున్నారు.

లైసెన్సుల కాలంలో మన దేశంలో కారు కొనాలంటే చెప్పుకోదగ్గవి మూడే. ఉత్తర్‌పారా అంబాసిడరు, బొంబాయి ఫియట్, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఫియట్‌కే 1970లలో రాణి పద్మిని పేరు మీద ప్రీమియర్ పద్మిని అని నామకరణం చేశారు. మూడింట్లో అంబాసిడరు ఉమ్మడికుటుంబం. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుంది. ఫియట్ చిన్న సంసారం, పొదుపు. హెరాల్డ్ మాత్రం కొత్తగా పెళ్ళయిన జంట. తెలుగువాళ్ళకు దగ్గర్లో, మద్రాసులోనే 1961 నుంచి తయారైంది కనుక మనవైపూ బాగానే తిరిగింది.

హెరాల్డ్ గురించి ఓ నాలుగు మాటలు చెప్పాలి. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలొట్టి. తక్కిన రెండు కార్లకూ అప్పట్లో గేరు కర్ర స్టీరింగు పక్కన ఉంటే, దీనికి కింద, చేతికందేచోట ఉండేది. బానెట్ ఒక్కటే కాదు, ముందు మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు ఒరిగిపోయేది. మెకానిక్ టైరు మీద కూర్చుని తాపీగా ఇంజను చూసుకునేవాడు. ఇక మలుపంటారా? 25 అడుగుల వెడల్పులో గుండ్రంగా తిరిగివచ్చేది. ఇరుకు బజార్లలో ముందుకూ వెనక్కూ పదిసార్లు లాగే అవస్థ లేదు. ఇంగ్లండులో ఇదే కారు చట్రాన్ని కాస్త కురచచేసి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన బాట మీద జరిగే పందాల్లోనూ హెరాల్డులు ఉరికాయి.

ఇంత ముద్దొచ్చే కారుకు ఒక పెంకితనం ఉండేది. దాని వెనక చక్రాలు దేనికది విడిగా ఊగే ఏర్పాటులో ఉండేవి. మలుపులో వేగంగా పోతూ, భయపడి చటుక్కున కాలు తీసేస్తే వెనకభాగం పైకి లేచి, చక్రం లోపలికి ముడుచుకుని, బండి తోక తిప్పేది. అంటే మలుపుకు ముందే నెమ్మదించడం తెలిసినవాడికి అది బంగారం, తెలియనివాడికి గండం. పాతకారు కొనేటప్పుడు 'దీని గుణం ఏమిటి' అని అడగటం దీనికే. రంగు ఎవరైనా చెబుతారు, గుణం వాడినవాడే చెప్పాలి.

ఇంకో విశేషం. ఇంగ్లండు హెరాల్డుకు సెలూనైనా రెండే తలుపులు. మన దగ్గర పట్టుచీర కట్టుకున్న అత్తగారు ముందు సీటు మడిచి వెనక్కి దూరడం ఎట్లా కుదురుతుంది? ఆఖరికి 1960ల చివర్లో మద్రాసువాళ్ళు నాలుగు తలుపుల హెరాల్డ్ చేశారు. అది మన దేశంలో తప్ప ఎక్కడా రాలేదు. స్పోర్టీ కారును నిత్యవాడకానికి లొంగదీసింది ఇంజనీర్లని పుస్తకాలు రాస్తాయి. మన అత్తగార్లని నేనంటాను.

ఆ రోజుల్లో కొత్తకారు కోసం పేరు రాయించి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకని వాడిన కారుకే గిరాకీ. గిరాకీ ఉన్నచోట మోసం ఉంటుంది, మోసం ఉన్నచోట పరీక్షా పుడుతుంది. ఈ పరీక్ష మా ప్రాంతానికి కొత్త కాదు. మాది వెల్గటూరు. మా మండలంలోనే, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట కోటిలింగాల ఉంది. శాతవాహనుల్లో మొదటివాడైన సిముకుని నాణేలు దొరికింది అక్కడే. అంతకు ముందుకాలపు విద్ధాంక నాణేలు కూడా దొరికాయి. అలాంటి నాణేల మీద అసలు గుర్తులు కాక చిన్నచిన్న ముద్రలు కొన్ని ఉంటాయి. చేతులు మారినప్పుడల్లా షరాబులు పరీక్షించి 'మంచిదే' అని వేసిన గుర్తులని పండితులు అంటారు. కారు ఆర్‌సీలో యజమానుల వరస చూసినప్పుడల్లా నాకు ఆ గుర్తులే జ్ఞాపకం వస్తాయి. ఎన్ని చేతులు మారిందన్నది ఒక్కటే కాదు, ఎలాంటి చేతులు మారిందన్నది కావాలి.

1980లలో మనవాళ్ళకు రెండు పెద్ద ఆశలు కలిగాయి. ఒకటి 1984లో వచ్చిన కాంటెస్సా. పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, చూస్తే సినిమా విలన్ దిగుతాడేమో అనిపించేది. తొలినాళ్ళలో దాని కడుపులో ఉన్నది మాత్రం అంబాసిడరు ఇంజనే. జపాను వారి ఇసుజు ఇంజను పెట్టాకగాని దాని నడక ఒంటికి తగ్గట్టు రాలేదు. రెండోది 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000. ఒళ్ళు ఇంగ్లండులో పేరుమోసిన రోవర్‌ది, ఇంజను మాత్రం ఎన్నడో వాన్‌గార్డ్ కాలంనాటిది. పాతచీరకు కొత్త అంచు వేస్తే కట్టుకోవచ్చు. కొత్తచీరకు పాత అంచు వేస్తే? ఆ కారు ఎంతోకాలం నిలవలేదు. చూపుల హుషారు వేరు, నడక హుషారు వేరు అని దేశమంతా డబ్బుపెట్టి నేర్చుకున్న పాఠం అది.

అసలు హుషారు ఎవరూ ఊహించని చోటు నుంచి వచ్చింది. 1983 డిసెంబరులో బయటికొచ్చిన మారుతి 800 ఇంజను 796 సీసీయే. కాని ఒళ్ళు తేలిక. అంబాసిడరు ఆలోచించుకునేలోపు ఇది సందు దాటేది. బయటి ప్రపంచంలో ఈ రహస్యం అప్పటికే తెలిసింది. 1960లలో మినీ కూపర్ అనే బుల్లికారు మాంటే కార్లో ర్యాలీలో పెద్దపెద్ద కార్లను ఓడించింది. 1976లో ఫోక్స్‌వాగన్ వారు సంసారపు గోల్ఫ్ కారులో 110 హార్స్‌పవర్ ఇంజను పెట్టి జి.టి.ఐ. అని అమ్మారు. ఐదువేలు అమ్ముడుపోతే చాలనుకున్నది లక్షల్లోకి పోయింది. పొద్దున పిల్లల్ని బడిలో దింపి, సాయంత్రం సరదాగా నడుపుకునే కారు అప్పుడు గట్టిగా నిలదొక్కుకుంది.

మనకది 1990ల తర్వాత అందింది. 1993లో జెన్, 1999లో ఫోర్డ్ ఐకాన్, 2000లో హోండా సిటీ వీటెక్, 2001లో ఫియట్ పాలియో 1.6, 2005లో స్విఫ్ట్, 2013లో పోలో జీటీ టీఎస్ఐ. ఈ పేర్లు చెబితే ఇప్పటికీ కొందరు కుర్రాళ్ళ కళ్ళు మెరుస్తాయి. వీటిలో చాలామటుకు ఇప్పుడు పాతవిగానే దొరుకుతాయి. ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ మానేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. ఫియట్ కార్ల అమ్మకం అంతకుముందే ఆగింది. పోలో తయారీ 2022లో నిలిచిపోయింది. ఆగిపోయిన కారు మీద మోజు పెరుగుతుంది, విడిభాగం కోసం తిరుగుడూ పెరుగుతుంది.

నేను ఈ కథంతా ఎందుకు చదివానంటే, పోయిన ఏడు నాకూ ఒక పాతకారు అవసరం పడింది. రోజూ బడికి ధర్మపురి దాకా పోయిరావాలి. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, నెలకోసారి కరీంనగర్ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. బస్సు దిగి ఎక్కలేక ఆమె రెండుసార్లు మానేసింది, నొప్పి ముదిరింది. చేతిలో ఉన్నది నేను నెలనెలా కట్టిన చిట్టీ డబ్బు. ఆ డబ్బుతో వచ్చే బండి ఆగకూడదు. నడిపేది నేను కనుక నాకు నచ్చాలి కూడా. ఇరవయ్యేళ్ళు వెనకసీట్లో కూర్చున్నదాన్ని, కాస్త హుషారు కోరుకుంటే తప్పా?

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా తమ్ముడు ఈ పని మీదేసుకున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు గల్ఫ్‌కు పోని ఇల్లు వెతకాలి, అక్కడి నున్నటి రోడ్ల మీద తిరిగి వచ్చిన కుర్రాళ్ళకు కార్ల మీద ప్రేమ ఎక్కువ. వాడు మూడు బండ్లు తేల్చాడు. ఒక పాలియో 1.6, ఒక పోలో జీటీ, 2019లో కొన్న ఒక పెట్రోలు స్విఫ్ట్.

"అక్కా, పోలో తీస్కో. నూటైదు గుర్రాలే! స్విఫ్ట్‌ల గవన్ని యాడున్నయ్? ఎనభై మూడే" అన్నాడు.

నేను నోటుపుస్తకం తీశాను. పోలో బరువు సుమారు 1,100 కిలోలు, స్విఫ్ట్ సుమారు 870. గుర్రాల్ని బరువుతో భాగిస్తే రెండింటికీ టన్నుకు తొంభై ఐదే వచ్చాయి! వాడు పుస్తకం లాక్కుని మళ్ళీ భాగించాడు. అంకెలు మారలేదు. నిజం చెప్పాలంటే పోలోకు టర్బో ఉంది, లాగుడు బలం ఎక్కువ, లారీని దాటేటప్పుడు దాని దర్జా దానిదే. నడిపి చూశాను, మనసు లాగింది కూడా. కాని నా దారి చూడండి. ఊరూరికీ స్పీడు బ్రేకర్లు, కోతలప్పుడు సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, సందెవేళ ఇళ్ళకు మళ్ళే బర్రెలు. ఆ దారిలో కావలసింది ఉరుకు కాదు, వెంటనే ఆగడం, వెంటనే మళ్ళడం.

అక్కడే ఇంకో లెక్క వచ్చింది. మన దేశంలో కొత్తకార్లన్నింటికీ, చక్రాలు జారకుండా ఆపే ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు అదే ఏడు జూలై నుంచి తప్పనిసరి చేశారు. అంతకు ముందటి కార్లలో ఉంటే ఉండొచ్చు, లేకుంటే లేదు. కొనేవాళ్ళు అడిగి చూసుకోవాలి. ఆ పాలియోలో ఎయిర్‌బ్యాగులు లేవు. అందగత్తె అయినా పక్కకు పెట్టేశాను. పోలోలో ఉన్నాయి. స్విఫ్ట్‌లో రెండున్నాయి.

ఆఖరి పరీక్ష అత్తమ్మ పెట్టింది. మూడింటిలోనూ ఎక్కి దిగింది. పాలియోలో కూర్చుని, "ఎక్కుడు అల్కనే బిడ్డా, దిగుడే గోస. నన్ను గుంజనీకి ఇద్దరు గావాలె" అంది. పోలో బాగానే ఉందంది. స్విఫ్ట్‌లోంచి తలుపు పట్టుకుని తనంతట తానే లేచింది. మా ఆయన అప్పటిదాకా కాఫీ తాగుతూ కూర్చున్నవారు, "ఇగ అయిపోయింది, తీర్పు వచ్చింది" అన్నారు. ఆ పూట కాఫీ పెట్టింది ఆయనే, ఆ సంగతి చెప్పకపోతే అన్యాయం.

తీర్పు వచ్చినంత మాత్రాన సంతకం పెట్టలేదు లెండి. మన చీరల పరీక్షే కారుకూ పనికొస్తుంది. తలుపు రబ్బరు కాస్త లాగి లోపలి అతుకులు చూశాను. ఫ్యాక్టరీ అతుకుచుక్కలు ఒకే వరసలో ఉంటాయి, దెబ్బతిని కట్టించినవి వంకరపోతాయి. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగి బురద మరక ఉందేమో చూశాను. వరదలో మునిగిన కారును ఎంత కడిగినా ఆ మడతలో మట్టి మిగులుతుంది. టైరు మీద నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది. టైర్లు నాలుగూ వేర్వేరు కాలాలవైతే ఎందుకని అడగాలి. ఇంజను చల్లగా ఉండగా నేనే స్టార్టు చేశాను. ముందే వేడిచేసి ఉంచితే, ఏదో దాస్తున్నారని అర్థం. ఆర్‌సీలో బ్యాంకు అప్పు పేరుంటే, అది తీరిందని బ్యాంకు ఇచ్చే కాగితం లేకుండా పైసా ఇవ్వకూడదు.

అమ్మేవాళ్ళకూ ఒక మాట. డబ్బు చేతికొచ్చింది కదా అని ఆర్‌సీ మార్పించకుండా ఊరుకోవద్దు. రిజిస్టరులో పేరున్నవారే యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కొన్నవాళ్ళు పద్నాలుగు రోజుల్లోగా ఇన్సూరెన్సు తమ పేరుకు మార్చుకోమని అడగాలి. చుట్టాల మధ్య బేరమైనా సరే, ఈ రెంటికీ మొహమాటం పనికిరాదు.

మా తమ్ముడు తిరిగి దుబాయి పోయాడు. పోతూ పోతూ, "అక్కా, ధర్మపురి దారిల నన్ను కూసోవెట్టుకొని మలుపు తిప్పినవ్ సూడు, గప్పుడు సప్పుడు జెయ్యకుండ పట్టుకున్న" అని ఒప్పుకున్నాడు. అత్తమ్మ ఇప్పుడు కరీంనగర్ తారీకు మరిచిపోదు. నాకన్నా ముందే చెప్పులేసుకుని తలుపు దగ్గర నిలబడుతుంది.

ఆ బండి నంబరుప్లేటు మీద టీఎస్ 21 అని ఉంది, జగిత్యాల జిల్లాది. 2014కు ముందు మా కరీంనగర్ బండ్లకు ఏపీ 15 ఉండేది, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. ప్లేటు మీదా చరిత్రే, పుస్తకంలోనూ చరిత్రే. ఆర్‌సీలో ఇప్పుడు నా పేరుంది. కోటిలింగాల షరాబులాగా నేనూ నా ముద్ర వేశానన్నమాట. రేపెవరైనా కొనడానికొచ్చి, ముందు యజమాని ఎలా నడిపేదని అడిగితే, మా అత్తమ్మను అడగమనండి. వెనకసీట్లో కూర్చున్నది ఆమె.